సామర్లకోట డాక్టరు – సోమిద చెట్టు

సామర్లకోట అనగానే మనకి రైలు జంక్షనూ, భీమేశ్వరుడి గుడీ జ్ఞాపకం వస్తాయి. కాని భారత వృక్షశాస్త్రానికి పునాదిరాయి పడ్డ చోట్లలో అదొకటని మన బాటనీ విద్యార్థుల్లోనే ఎంతమందికి తెలుసు? ఆ రాయి వేసిన మనిషి విలియం రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లండులో పుట్టారు. ఎడింబరోలో జాన్ హోప్ దగ్గర మొక్కల చదువు చదివి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసులో కొలువు చేరారు. 1781 నుంచి మకాం సామర్లకోట. అక్కడ తోట వేసి మిరియం, కాఫీ, దాల్చినచెక్క పెంచి చూశారు. 1787లో ఇంజరం దగ్గర ఉప్పెన వచ్చి, అంతవరకు కూడబెట్టిన మొక్కలూ, పుస్తకాలూ, కాగితాలూ నీళ్ళపాలయ్యాయి. మరొకరైతే ఓడెక్కి ఇంటికి పోయేవారేమో! ఈయన మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు.

పెద్దాపురానికి ఉత్తరాన కొండల్లో ఒక పెద్ద చెట్టు ఉండేది. మనవాళ్ళు దాన్ని సోమిద అనేవారు. శాస్త్రానికి మాత్రం అది కొత్త. రాక్స్‌బర్గ్ ముందు బెరడు చూశారు, పరమ చేదు. ఆకు చూశారు, ఒకే కాడకి ఎదురెదురుగా జతలు జతలుగా పత్రకాలు, చివర ఒంటి పత్రకం లేదు. అంతమాత్రాన కులం తేలదు. పువ్వు విప్పి చూస్తే పది కేసరాలూ ఒకే గిన్నెలా కలిసిపోయి ఉన్నాయి. కాయ గట్టిది, అయిదు పలకలుగా పగిలేది, గింజకు రెక్కలు. ఇది అమెరికా మహాగనికి చుట్టమని తేల్చి, జ్వరం పోగొట్టేదని అర్థం వచ్చేలా స్వీటీనియా ఫెబ్రిఫ్యూగా అని పేరుపెట్టారు.

ఆ పేరు ఊరికే పెట్టలేదు. మన్యపు జ్వరాలకి ఆ రోజుల్లో మందు సింకోనా బెరడొక్కటే. అదీ దక్షిణ అమెరికానుంచి రావాలి, ధర చూస్తే ఆకాశంలో ఉండేది. సోమిద దానికి బదులు పనికొస్తుందని ఆయన ఆశ. 1793లో దాని బెరడుమీద ప్రయోగాలు అచ్చువేయించారు. చివరకు సోమిద సింకోనాకు సాటి రాలేదు. ఆశ తీరకపోయినా గుర్తింపు మిగిలింది.

అదే ఏడు కలకత్తా బొటానికల్ తోటకి అధికారిగా వెళ్ళారు. 1795 నుంచి కోరమాండల్ మొక్కలమీద ఆయన గ్రంథం మూడు సంపుటాలుగా, 300 చిత్రపటాలతో వెలువడింది. ఆయన వేయించిన బొమ్మలు మొత్తం 2,500 పైచిలుకు. గీసింది మన దేశపు చిత్రకారులే. వాళ్ళ పేర్లు మాత్రం పుస్తకాలకి ఎక్కలేదు. ఆయన 1813లో ఇండియా వదిలి, 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. ఫ్లోరా ఇండికా ఆయన పోయాకే అచ్చయింది.

తర్వాత కథ ఇంకా బాగుంది. మహాగని గింజకు ఒకవైపే రెక్క. సోమిద గింజకు రెండు కొసలా రెక్కలే. ఈ చెట్టు వేరే ప్రజాతి అని 1830లో జూస్యూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు విడదీసి, దానికి సోయ్‌మిడా అని పేరుపెట్టాడు. అంటే మన సోమిదే! ఆ మాట చెప్పిన తెలుగువాడెవరో ఎవరూ రాసుకోలేదు గాని, మాట మాత్రం ప్రపంచమంతటా నిలిచింది.

మన కాలేజీ ఆవరణలో రోజూ ఎన్ని చెట్ల కింద నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నాం? అందులో నాలుగింటి పేర్లయినా చెప్పగలమా? తెలియకపోతే బెరడు తడిమి, ఆకు లెక్కపెట్టి, రాలిన పువ్వు విప్పి చూద్దాం. ఆ తర్వాత తోటమాలిని కూడా అడుగుదాం. రాక్స్‌బర్గూ చేసింది అదే.