తల్లిపాల కొరకు పోరాడిన డాక్టరమ్మ

బిడ్డకు తల్లిపాలను మించినది లేదని మన ఇండ్లలో పెద్దలందరు చెప్పుదురు. ఆ ఒక్క మాట కొరకు వ్యాపారులతో తగవు పడి, యుద్ధకాలపు చెరలో సైతము దానిని ఋజువు చేసిన డాక్టరమ్మ ఒకరు కలరు. ఆమెయే సిసిలీ విలియమ్స్.

ఆమె 1893 డిసెంబరు 2వ తేదీన జమైకా ద్వీపములో జన్మించినది. తండ్రి అచ్చటి విద్యాశాఖకు డైరెక్టరు. ఆ దినములలో ఆడపిల్లలకు వైద్యవిద్యలో చోటు దొరకుట దుర్లభము. మొదటి ప్రపంచయుద్ధము వలన మగ విద్యార్థులు తగ్గుటచే ఆక్స్‌ఫర్డులో ఆమెకు ప్రవేశము లభించి, 1923లో డాక్టరైనది. 1929లో బ్రిటిషు ప్రభుత్వము ఆమెను ఆఫ్రికాలోని గోల్డుకోస్టునకు, అనగా నేటి ఘానాకు పంపినది.

అచ్చట రెండు మూడేండ్ల పిల్లలు కాళ్ళు ఉబ్బి, జుట్టు ఎర్రబడి, చర్మము ఊడి చనిపోవుచుండిరి. ఇది ఫలానా జబ్బని పుస్తకము చూచి తేల్చక, ఆమె తల్లులను అడిగి తెలిసికొన్నది. కడుపున మరొక బిడ్డ పడగానే పెద్దబిడ్డకు పాలు మాన్పించి, ఉత్త మొక్కజొన్న జావ పోయుచున్నారు. మాంసకృత్తులు లేక వచ్చెడి ఈ జబ్బునకు ఆ తల్లులు వాడెడి క్వాషియోర్కర్ అను పేరునే 1935లో ఆమె వైద్యలోకమునకు తెలియజేసినది. తమ్ముడో చెల్లెలో పుట్టగా చనుబాలకు దూరమైన బిడ్డకు వచ్చు జబ్బని దాని భావము.

1936లో ఆమెను మలయాకు బదిలీ చేసిరి. మన తెలుగువారు వేలమంది అప్పటికే ఆ దేశపు తోటలలో కూలికి కుదిరియుండిరి. సింగపూరులో ఆమె చూచినది వేరొక ఘోరము. నర్సుల వేషము వేసిన స్త్రీలు బీదల ఇండ్లకు పోయి, పంచదార కలిపిన డబ్బాపాలు చంటిబిడ్డలకు మేలని నమ్మించి అమ్మించుచుండిరి. బిడ్డ సీసాకు అలవాటు పడగా తల్లికి పాలు ఇంకిపోవును. డబ్బా కొన డబ్బు చాలక నీళ్ళు ఎక్కువ కలుపుదురు. సీసా మురికి వలన విరేచనములు పట్టుకొనును. 1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో ఆమె ఉపన్యసించి, ఇట్టి ప్రచారము హత్యతో సమానమని పెద్దమనుష్యుల ముఖము మీదనే చెప్పినది.

1941 డిసెంబరులో జపాను సేనలు మలయాపై దిగినవి. ట్రెంగానులో ఉన్న ఆమె అడవిదారులు పట్టి సింగపూరు చేరినది. 1942 ఫిబ్రవరిలో ఆ నగరమును పడిపోగా చాంగీ జైలులో బందీ అయినది. 1943లో జపాను మిలిటరీ పోలీసులు ఆమెను కొనిపోయి కొన్ని నెలలు చచ్చినవారి మధ్య, చావబోవువారి మధ్య ఇరుకు బోనులో ఉంచిరి. తిండి చాలక వచ్చిన బెరిబెరి వలన ఆమె పాదములు తిమ్మిరెక్కిపోయినవి. అట్టి చెరలో పుట్టిన శిశువులు ఇరువదిమంది. ఇరువదిమందికీ తల్లులు పాలిచ్చిరి, ఇరువదిమందియు బ్రతికిరి.

1948లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తల్లిబిడ్డల శాఖకు ఆమె మొదటి అధిపతి అయినది. తల్లిని విడిచి బిడ్డకు వైద్యము లేదని దేశదేశములలో బోధించినది. 1981లో ఆ సంస్థ డబ్బాపాల ప్రచారమునకు కట్టుబాట్లు విధించినది. 1992 జూలైలో తన 98వ యేట ఆమె కన్నుమూసినది. ఆ యేడాదియే మన పార్లమెంటు అట్టి ప్రచారమును నిషేధించుచు చట్టము చేసినది.

2020లో కరోనా వచ్చినప్పుడు బాలింతలు బిడ్డకు పాలిచ్చుటకు జంకిరి. ముఖమునకు మాస్కు కట్టుకొని, చేతులు కడుగుకొని పాలివ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. ఆ లాక్‌డౌనులో పురిటికి పుట్టింటికి పోలేక, అమ్మ రాలేక ఒంటరిగా ఉండిపోయిన బాలింతలు మనవంటి వలస కుటుంబములలో ఎందరో!

పాలిమ్మని బాలింతకు చెప్పుట తేలిక. ఆమెకు వేళకింత వేడి అన్నము పెట్టి, పెద్దబిడ్డను కాసేపు ఎత్తుకొని, ఆమెను నిద్రపోనిచ్చుట మన పని. పొరుగున ఏ భాషవారున్నను వారి ఇంటి బాలింతయు మన ఆడపడుచే. ఈ ఉగాదినాడు పచ్చడి పంచుకొన పోయినప్పుడు, ఏ ఇంట పసిబిడ్డ ఉన్నదో, ఆ తల్లికి తోడెవరున్నారో కనుక్కొని రండి.