ఉన్నవ వారి బడి: ఒక చేత పుస్తకం, ఒక చేత పని

'మాలపల్లి' రచయిత ఎవరు? పోటీ పరీక్షల్లో ఒక మార్కు బిట్టు. జవాబు ఉన్నవ లక్ష్మీనారాయణ గారని మనందరికీ తెలుసు. ఆ మహనీయుడు మన పల్నాడు రైతుల కోసం జైలుకెళ్లారనీ, గుంటూరులో చదువుతో పాటు చేతిపని నేర్పే బడి నడిపారనీ చాలామందికి తెలియదు.

ఆయన 1877 డిసెంబరు 4న అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో జన్మించారు. ఐర్లండ్ వెళ్లి బారిస్టరు చదివారు. కోరుకుంటే హాయిగా డబ్బు సంపాదించుకోవచ్చు. కానీ అడవిలో పశువులు మేపుకున్నందుకు ప్రభుత్వం పుల్లరి వసూలు చేస్తుంటే, 1921లో పల్నాడు రైతుల పక్షాన నిలిచి జైలుపాలయ్యారు. మాలపల్లి జైల్లో రాసిందే. పాలేరు సంగదాసును కథానాయకుణ్ణి చేసిన ఆ నవలను 1923లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

ఆ రోజుల్లో చిన్నతనంలోనే భర్త పోయిన ఆడపిల్లకు చదువు లేదు, చేతిలో పని లేదు. ఎవరింట్లోనో తిండి కోసం పడి ఉండాలి. అలాంటి వారి కోసం ఆయన 1902లోనే గుంటూరులో శరణాలయం పెట్టారు. అయితే అన్నం పెడితే సరిపోదు. తన కాళ్ల మీద తాను నిలబడాలంటే అక్షరమూ కావాలి, పనీ రావాలి. 1922లో భార్య లక్ష్మీబాయమ్మ గారితో కలిసి స్థాపించిన శారదా నికేతనం దారి అదే. అక్కడ ఆడపిల్లలు భాషలు చదివారు. నూలు వడకడం, నేత, కుట్టుపని లాంటివీ నేర్చుకున్నారు. పని చేసే చేతికి పుస్తకం ఎందుకు, పుస్తకం పట్టిన చేతికి పని ఎందుకు అనే పాత ఆలోచనకు ఆ బడే జవాబు. 1958లో ఆయన కన్నుమూశారు.

తమ్ముళ్లూ! మనలో చాలామంది సెలవుల్లో మిరపకోతకు, పత్తితీతకు వెళ్లినవాళ్లమే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నా పుస్తకాల డబ్బు మిరపచేలో వచ్చిందే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ పదో తరగతి కాగానే కూలి డబ్బు చేతికొచ్చిందని చదువు మానేసినవాళ్లూ మన బ్యాచుల్లో ఉన్నారు. పని చదువుకు తోడు కావాలి, చదువును మింగేయకూడదు. ఉన్నవ వారి జీవితం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇదే. ఈసారి లైబ్రరీకి వెళ్తే మాలపల్లి అడిగి తీసుకుని చదవండి. ఒక మార్కు కోసం కాదు, మన కోసం.