చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్

చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ (జూన్ 27, 1846 - అక్టోబరు 6, 1891) ఐర్లండుకు చెందిన సుప్రసిద్ధ రాజకీయ నాయకుడు. ఐర్లండు స్వపరిపాలన కొరకు, అనగా హోంరూల్ కొరకు, బ్రిటిషు పార్లమెంటులో పోరాడిన పక్షానికి 1880 నుండి పదేళ్ళపాటు నాయకత్వము వహించాడు. మతముచే ప్రొటెస్టంటు, పుట్టుకచే భూస్వామి అయిన ఇతడు, అత్యధికులు కాథలిక్కులైన కౌలు రైతులకు నాయకుడగుట ఐర్లండు చరిత్రలోని విశేషాలలో ఒకటి.

నేపథ్యము

ఆనాటి ఐర్లండులో మతము, భూమి, రాజ్యాధికారము ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉండేవి. 16, 17 శతాబ్దాలలో ఇంగ్లండు పాలకులు కాథలిక్కుల భూములను స్వాధీనపరచుకొని ఇంగ్లండు, స్కాట్లండుల నుండి వచ్చిన ప్రొటెస్టంటులకు కట్టబెట్టారు. ఉత్తరాన గల అల్‌స్టర్ ప్రాంతములో ఈ వలసదారుల సంతతి పెద్ద సంఖ్యలో స్థిరపడింది. మిగిలిన చోట్ల దున్నేవాడు కాథలిక్కు, భూస్వామి ప్రొటెస్టంటు అనే పరిస్థితి సాధారణమైపోయింది. 1801లో డబ్లిన్ పార్లమెంటు రద్దయి ఐర్లండు బ్రిటనులో విలీనమైంది. పార్నెల్ పుట్టేనాటికి దేశము బంగాళాదుంప తెగులు వలన వచ్చిన మహాక్షామములో ఉన్నది. ఆ క్షామములో సుమారు పది లక్షలమంది మరణించగా, అంతకు తక్కువ కానంతమంది దేశము విడిచి పోయారు. రైతుల మనసులో ఆ జ్ఞాపకము ఇంకా పచ్చిగా ఉన్న కాలములోనే పార్నెల్ రాజకీయాలు సాగాయి.

కుటుంబము, విద్య

పార్నెల్ విక్లో జిల్లాలోని అవన్‌డేల్ భవనములో జన్మించాడు. తండ్రి జాన్ హెన్రీ పార్నెల్. తల్లి డెలియా అమెరికా నౌకాదళాధికారి చార్లెస్ స్టూవర్ట్ కుమార్తె. ముత్తాత సర్ జాన్ పార్నెల్ ఐర్లండు ఆర్థికమంత్రిగా ఉండి కూడా విలీన చట్టాన్ని వ్యతిరేకించాడు. కేంబ్రిడ్జిలోని మాగ్డలీన్ కళాశాలలో చదివిన పార్నెల్ ఒక వీధి గొడవ కారణముగా సస్పెండయి, పట్టా లేకుండానే 1869లో ఇంటికి తిరిగి వచ్చాడు.

ఇతడు మితభాషి, ఎవరితోనూ చనువుగా మెలిగేవాడు కాదు. మొదట్లో సభలలో తడబడుతూ మాట్లాడేవాడు. మూఢనమ్మకాలు ఎక్కువ, ఐర్లండుకు జాతీయ వర్ణమైన ఆకుపచ్చ రంగును అశుభముగా భావించేవాడంటే వింతగా ఉంటుంది.

పార్లమెంటులో

1875 ఏప్రిల్‌లో మీత్ నియోజకవర్గపు ఉప ఎన్నికలో గెలిచి కామన్స్ సభలో ప్రవేశించాడు. అప్పటి హోంరూల్ నాయకుడు ఐజాక్ బట్ మర్యాదగా వాదించి ఇంగ్లీషువారిని ఒప్పించాలని నమ్మినవాడు. పార్నెల్‌కు ఆ పద్ధతి నచ్చలేదు. బెల్ఫాస్టుకు చెందిన జోసెఫ్ బిగ్గర్‌తో కలిసి ప్రతి బిల్లుపైనా గంటల తరబడి మాట్లాడుతూ సభా కార్యక్రమాలను స్తంభింపజేశాడు. ఈ బిగ్గర్ ప్రెస్బిటీరియన్ కుటుంబములో పుట్టి 1877లో కాథలిక్కు మతము స్వీకరించినవాడు. బట్ 1879లో మరణించగా, మరుసటి ఏడు పార్నెల్ పక్ష నాయకుడుగా ఎన్నికైనాడు.

భూమి పోరాటము

1877 నుండి వరుసగా పంటలు దెబ్బతిని, కౌలు చెల్లించలేని రైతులను భూస్వాములు వెళ్ళగొట్టసాగారు. 1879 అక్టోబరులో మైకేల్ డేవిట్ కృషితో ల్యాండ్ లీగ్ అనే రైతు సంఘము ఏర్పడింది. డేవిట్ చిన్నతనములోనే అతని కుటుంబాన్ని భూమినుండి వెళ్ళగొట్టారు. లాంకషైర్ మిల్లులో పనిచేస్తూ పదకొండేళ్ళ వయసులో కుడిచేయి పోగొట్టుకొన్నాడు. అటువంటివాడు ఒక భూస్వామిని సంఘానికి అధ్యక్షుడుగా ఉండమని కోరడము, ఆ భూస్వామి అంగీకరించడము ఇద్దరి దూరదృష్టికీ నిదర్శనము.

1880 సెప్టెంబరులో ఎన్నిస్ పట్టణములో ప్రసంగిస్తూ పార్నెల్, వెళ్ళగొట్టబడిన రైతు భూమిని కౌలుకు తీసుకొనేవానిని కొట్టవద్దని, అంగడిలోను, వీధిలోను, చివరకు చర్చిలోను పలకరించక వెలివేయమని బోధించాడు. కొద్దివారాలకే మేయో జిల్లాలో ఎర్న్ ప్రభువు ఏజెంటు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్‌పై ఈ వెలి ప్రయోగించబడింది. అతని పంట కోయడానికి కూలివాడు దొరకలేదు. చివరకు అల్‌స్టర్ నుండి యాభైమంది ప్రొటెస్టంటు స్వచ్ఛంద కూలీలు సైనికుల కాపలాతో వచ్చి పంట ఎత్తవలసి వచ్చింది. కౌలు తగాదా మత తగాదాగా కనిపించడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు. బాయ్‌కాట్ అనే మాట ఈ విధముగానే పుట్టి, తరువాత స్వదేశీ ఉద్యమకాలములో భారతదేశములోనూ ప్రచారములోకి వచ్చింది.

1881లో ప్రధాని గ్లాడ్‌స్టన్ న్యాయమైన కౌలు నిర్ణయించే చట్టము తెచ్చాడు. దానిని పూర్తిగా ఆమోదించని పార్నెల్‌ను అక్టోబరు 13న కిల్‌మెయినమ్ జైలులో నిర్బంధించారు. కౌలు బకాయిపడ్డ రైతులకు ఉపశమనము కల్పించాలనే ఒప్పందముపై 1882 మే 2న విడుదలైనాడు. నాలుగు రోజులకే డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో ఐర్లండు వ్యవహారాల కొత్త కార్యదర్శి ఫ్రెడరిక్ కావెండిష్, అతని సహాధికారి బర్క్ హత్యకు గురయ్యారు. పార్నెల్ ఆ హత్యలను ఖండించి, పదవిని వదులుకోవడానికి సిద్ధపడగా గ్లాడ్‌స్టన్ వద్దన్నాడు.

నాయకులు జైలులో ఉండగా ఉద్యమాన్ని నడిపినది పార్నెల్ చెల్లెలు అన్నా స్థాపించిన మహిళా ల్యాండ్ లీగ్. విడుదలయ్యాక పార్నెల్ దానికి నిధులు ఆపివేసి మూయించాడు. ఆ తరువాత అన్నా అన్నతో మళ్ళీ మాట్లాడలేదు.

చర్చితో పొత్తు, హోంరూల్ బిల్లు

అప్పులలో ఉన్న పార్నెల్ కొరకు 1883లో చందాలు వసూలు చేస్తుండగా, కాథలిక్కులు అందులో పాల్గొనరాదని రోము నుండి బిషప్పులకు ఆదేశము వచ్చింది. దానితో చందాలు ఇంకా పెరిగి 37 వేల పౌండ్లు దాటాయి. రాజకీయాలలో జనము మతాధికారుల మాట వినరని అప్పుడు చాలామందికి అనిపించింది. అది తొందరపాటు అభిప్రాయమని ఏడేళ్ళలో తేలింది. 1884 నుండి కాథలిక్కు విద్యాలయాల కోర్కెలను పార్లమెంటులో వినిపించే బాధ్యతను బిషప్పులు పార్నెల్ పక్షానికి అప్పగించారు. అభ్యర్థులను ఎంపిక చేసే జిల్లా సభలలో ప్రీస్టులకు స్థానము లభించింది. దీనివలన పక్షము బలపడింది గాని, ప్రొటెస్టంటుల అనుమానాలు కూడా బలపడ్డాయి.

1885 ఎన్నికలలో పార్నెల్ పక్షము 86 స్థానాలు గెలిచింది; అల్‌స్టర్‌లోని 33 స్థానాలలో 17 అందులోనివే. గ్లాడ్‌స్టన్ 1886 ఏప్రిల్ 8న హోంరూల్ బిల్లు ప్రవేశపెట్టగా, అతని లిబరల్ పక్షమువారే 93 మంది ఎదురుతిరిగి ఓటు వేసినందున జూన్‌లో 30 ఓట్ల తేడాతో వీగిపోయింది. హోంరూల్ అంటే రోము పాలన అని భయపడిన బెల్ఫాస్టు ప్రొటెస్టంటులు ఈ ఓటమిని పండుగ చేసుకొన్నారు. ఆ వేసవిలో నగరములో జరిగిన అల్లర్లలో 30 మందికి పైగా చనిపోయారు. స్వయముగా ప్రొటెస్టంటు అయివుండి కూడా పార్నెల్ ఈ భయము లోతును సరిగా అంచనా వేయలేదు. తన మతమే వారికి హామీ అని అతడు తలచినట్లున్నది.

దొంగ ఉత్తరాలు

1887లో లండను టైమ్స్ పత్రిక, ఫీనిక్స్ పార్కు హత్యలను సమర్థిస్తూ పార్నెల్ సంతకముతో ఉన్న ఉత్తరాన్ని ప్రచురించింది. విచారణ సంఘము ముందు 1889 ఫిబ్రవరిలో రిచర్డ్ పిగట్ అనే పత్రికా రచయితను ప్రశ్నించారు. ఉత్తరాలలో కనబడిన ఒక ఇంగ్లీషు మాటను అతడు అదే తప్పుతో వ్రాసి దొరికిపోయాడు. మాడ్రిడ్‌కు పారిపోయి కాల్చుకొని మరణించాడు. పార్నెల్ సభలోకి వచ్చినపుడు ప్రతిపక్షపు సభ్యులు లేచి నిలబడి హర్షధ్వానాలు చేశారు.

పతనము

ఆ గౌరవము రెండేళ్ళు కూడా నిలువలేదు. తన పక్ష సభ్యుడు కెప్టెన్ ఓషే భార్య కాథరిన్‌తో పార్నెల్ 1880 నుండి సహజీవనము చేస్తున్నాడు. వారికి ముగ్గురు పిల్లలు కలిగారు. ఓషే వేసిన విడాకుల దావాను పార్నెల్ ఎదుర్కొనలేదు. 1890 నవంబరు 17న తీర్పు వెలువడింది. మొదట ఆగ్రహించినది కాథలిక్కు చర్చి కాదు, ఇంగ్లండులోని ప్రొటెస్టంటు లిబరల్ వర్గాలవారు. పార్నెల్ నాయకుడుగా ఉంటే హోంరూల్ సాధ్యము కాదని గ్లాడ్‌స్టన్ తెలియజేశాడు. ఐర్లండు బిషప్పులు డిసెంబరు 3న పార్నెల్ అనర్హుడని ప్రకటించారు. పార్లమెంటు భవనములోని 15వ నంబరు కమిటీ గదిలో ఆరు రోజులు వాదులాడుకొన్న పక్షము రెండుగా చీలింది. దాదాపు 45 మంది జస్టిన్ మెకార్తీ వెంట వెళ్ళిపోగా, పార్నెల్ వద్ద 30 మందికి లోపే మిగిలారు.

పార్నెల్ లొంగలేదు. ప్రీస్టులు ఊరూరా ప్రచారము చేయగా, కిల్కెన్నీ, స్లైగో, కార్లో ఉప ఎన్నికలలో వరుసగా అతని అభ్యర్థులు ఓడిపోయారు. కిల్కెన్నీ ప్రచారములో కంటిలో సున్నము పడి బాధపడ్డాడు. 1891 మే నెలలో బెల్ఫాస్టులో మాట్లాడుతూ, అల్పసంఖ్యాక మతస్థుల భయాలను పోగొట్టనిదే ఐర్లండు ఒక్కటి కాలేదని చెప్పాడు. బిల్లు వచ్చిన 1886లో చెప్పవలసిన మాటను అధికారమంతా పోయాక చెప్పాడు. జూన్ 25న కాథరిన్‌ను ససెక్స్‌లో వివాహమాడాడు.

సెప్టెంబరు 27న క్రెగ్స్ అనే ఊరిలో వానలో తడుస్తూ చేసినది చివరి ప్రసంగము. పదిరోజులు తిరగకముందే బ్రైటన్ సమీపములోని ఇంటిలో 45వ ఏట మరణించాడు. డబ్లిన్‌లో శవయాత్రకు సుమారు రెండు లక్షలమంది వచ్చారు. చీలిన పక్షము 1900లో గాని జాన్ రెడ్మండ్ నాయకత్వములో తిరిగి ఏకము కాలేదు. 1921లో అల్‌స్టర్‌లోని ఆరు జిల్లాలతో ఉత్తర ఐర్లండు వేరుపడింది. మద్రాసులో 1916లో అనీ బిసెంట్ ప్రారంభించిన హోంరూల్ లీగ్ ఈ ఉద్యమము నుండే పేరు తీసుకొన్నది.

అధికముగా కాథలిక్కులను పూడ్చే గ్లాస్నెవిన్ శ్మశానములో ఈ ప్రొటెస్టంటు నాయకుని సమాధి ఉన్నది. దానిపై విక్లో నల్లరాతి బండ నిలిపి, పార్నెల్ అనే ఒక్క పేరు మాత్రము చెక్కారు.