తల్లి సేవలో హజ్రత్ ఉవైస్ ఖర్నీ (రహ్మలై)

హజ్రత్ ఉవైస్ ఖర్నీ (రహ్మలై) యమన్ వాసి. దైవప్రవక్త (స) కాలంలోనే జీవించినా ఆయన్ను కళ్లారా చూసే భాగ్యం కలగలేదు. ముసలి తల్లిని ఒంటరిగా వదిలి మదీనా వెళ్లలేకపోయారని చరిత్రకారులు రాశారు. సహాబీ స్థానం దక్కలేదు గాని ఆ సేవ వృథా పోలేదు. ఆయన్ను గురించి దైవప్రవక్త (స) ముందే తెలిపి ఉన్నారు. అందుకే హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉండి కూడా యమన్ బృందాల్లో ఆయన కోసం వెదికి, తన మన్నింపుకై దుఆ చేయించుకున్నారు.

సోదరులారా! పుంగనూరులో ఉన్నా, గల్ఫ్‌లో ఉన్నా అమ్మానాన్నల మందుల వేళ, ఆస్పత్రి ఖర్చు, రాత్రి తోడు తోబుట్టువులంతా పంచుకోండి. ఒక్కరిపైనే వదిలేయకండి. సలహాకు వృద్ధుల సహాయవాణి 14567 ఉంది. ఇంటిపట్టున ఉండి సేవ చేసే బిడ్డ ఏదీ కోల్పోలేదు.