చిన్నబొమ్మల శిల్పి - జాన్ ఫ్లాక్సుమన్

ఇంగ్లండు దేశపు శిల్పులలో జాన్ ఫ్లాక్సుమన్ పేరు మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆయన 1755వ సంవత్సరము జూలై 6వ తేదీన యార్కు పట్టణమున జన్మించెను. తండ్రి ప్లాస్టరు బొమ్మలు పోతపోసి యమ్ముకొనువాడు. బిడ్డకు ఆఱునెలలు నిండునప్పటికి ఆ కుటుంబము లండను చేరి, కావెంటు గార్డెను ప్రాంతమున అంగడి పెట్టుకొనెను. శిల్పుల చరిత్రములు సామాన్యముగా రాజభవనములతోడను గొప్ప ఆలయములతోడను ముడివడి యుండును. ఈయన చరిత్రము మాత్రము అంగడిబల్ల వెనుక మొదలై, చాలకాలము జానెడైన లేని బొమ్మల నడుమనే నడచినది. మేము వ్రాయబూనినది ముఖ్యముగా ఆ బొమ్మలను గూర్చియే.

బాల్యమున ఆయన దేహస్థితి శోచనీయమై యుండెను. భుజములు పైకెక్కి, తల మేనికి మించి పెద్దదిగా కన్పట్టెడిది. పదియవయేటి వఱకు ఊతకఱ్ఱలే ఆధారము. తోటిబాలురు వీథులలో పరుగులిడుచుండగా, ఈ బాలుడు అంగడిబల్ల వెనుక దిండ్లు చేర్చిన చిన్నకుర్చీలో కూర్చుండి, చుట్టునున్న గ్రీకు దేవతల పోతబొమ్మలను చూచి కాగితముపై గీయుచు, మైనమో బంకమన్నో చేతికి తీసికొని వానిని పోలిన చిన్నబొమ్మలు చేయుచు ప్రొద్దుపుచ్చుచుండెను. బడిలో చదివినది స్వల్పము. ఒకనాడు అంగడికి వచ్చిన మాథ్యూ అను మతాచార్యుడు, ఈ రోగిష్ఠి బాలుడు లాటిను పుస్తకముతో పెనుగులాడుచుండుట చూచి జాలిగొని, మంచి పుస్తకములు తెచ్చియిచ్చెను. ఆయన భార్య హోమరు కావ్యమును చదివి వినిపించుచుండగా బాలుడు ప్రక్కన కూర్చుండి అందలి వీరులను గీయుచుండెను.

పండ్రెండవయేట ఆయన చేసిన బొమ్మకు బహుమానము వచ్చెను. పిమ్మట రాయల్ అకాడమీ పాఠశాలలో చేరి వెండిపతకము గెలుచుకొనెను. 1772లో బంగారుపతకమునకు పోటీపడినప్పుడు అదియు తనకే తప్పక వచ్చునని నమ్మియుండెను. అధ్యక్షుడైన సర్ జాషువా రేనాల్డ్సు దానిని వేఱొక విద్యార్థి కిచ్చెను. పదునేడేండ్ల యువకునకు ఇది చిన్న దెబ్బ కాదు. పాలరాయి కొనుటకు వలయు ధనము ఆ యింట లేదు. మన్నును మైనమును మాత్రము చౌక.

1775లో జోసయా వెడ్జివుడ్ అను ప్రసిద్ధ పింగాణి వర్తకుడు ఆయనకు పని యిచ్చెను. ఆ యేటి లెక్కలో గ్రీకు కళాదేవతల చిన్నబొమ్మ యొక్కొక్కటికి పది షిల్లింగుల ఆఱు పెన్నీలు వ్రాసియున్నవి. పని జరుగు విధము ఇట్టిది. శిల్పి తన యింట కూర్చుండి, నల్లని పలకపై మైనమును కొంచెము కొంచెముగా అద్దుచు, సన్నని పనిముట్టులతో ముఖమును, వస్త్రపు మడతలను తీర్చును. దానిపై ప్లాస్టరు పోసి అచ్చు తీయుదురు. కార్ఖానాలో ఆ యచ్చున మెత్తని మన్ను అదిమి, మెల్లగా ఊడదీసి, తడిచేసి, పాత్రపై అంటించి ఆవమున కాల్తురు. బొమ్మలో లోనికి వంపుతిరిగిన తావులున్నయెడల అది అచ్చునుండి ఊడిరాదు. మన్ను ఆరునప్పుడు కొంతయు, కాలునప్పుడు కొంతయు కుంచించుకొనిపోవును. కావున మూలపుబొమ్మ ఆ మేరకు పెద్దదిగా నుండవలెను. ఇంట మట్టిబొమ్మలు చేయు మన విద్యార్థులు సన్నని చేయి ముందుగా ఆరి బీటవారుట చూచియే యుందురు. ఫ్లాక్సుమన్ దేహమునకు అంటియుండునట్లు చేతులను తీర్చుటలో ఈ భయమును కొంత కలదేమో యని మాకు తోచుచున్నది. పండ్రెండేండ్లు ఈ పని చేయుటచేత ఆయన రేఖకు స్పష్టత యబ్బెను.

ఈ కాలమున ఆయన కల్పించిన చదరంగపు బలగము మాకు మిక్కిలి ప్రియమైనది. మన యాటలో మంత్రి యుండు స్థానమున వారికి రాణియు, శకటునకు మాఱు బిషప్పును ఉండును. ఫ్లాక్సుమన్ వీరందఱికిని మధ్యయుగపు వేషములు తొడిగి, బంట్లను సైతము ఒకే మూసలో పోయక వేర్వేఱు నిలుకడలతో తీర్చెను. ఆటలో అన్నిటికంటె అల్పమైనది బంటే గదా! దానికిని ఒక స్వభావ మియ్యవలెనని ఆయనకు తోచినది. రాణి రూపమునకు సారా సిడన్సు అను ప్రఖ్యాత నటి మాతృక యని చెప్పుదురు.

1782లో ఆయన ఆన్ డెన్మన్ అను విదుషిని వివాహమాడెను. రేనాల్డ్సు బ్రహ్మచారి. పెండ్లితో శిల్పిగా నీపని ముగిసినదని ఆయన ఫ్లాక్సుమన్ మొగముమీదనే చెప్పెను. ఫ్లాక్సుమన్ ఇంటికి వచ్చి భార్య ప్రక్కన కూర్చుండి సంగతి తెలిపి, ఇద్దఱమును రోముకు పోవుదము, పెండ్లివలన శిల్పి చెడిపోడని చూపుదమని నిశ్చయించెను. అందులకై అయిదేండ్లు ఒడుదుడుకులు లేక పొదుపు చేసిరి. ఆయన పేటలో పన్నులు వసూలు చేయు కొలువునకు సైతము ఒడంబడి, సిరాబుడ్డి బొత్తమున వ్రేలగట్టుకొని ఇల్లిల్లు తిరిగెను. 1787లో దంపతులు బయలుదేరి ఏడేండ్లు రోమున నుండిరి. అక్కడ ఒక ప్రభువు కోరికపై ఆఱువందల పౌన్లకు ఒప్పుకొని చేసిన పెద్ద పాలరాతి విగ్రహములు నష్టమునే మిగిల్చినవి. చిత్రమొకటికి పదునైదు షిల్లింగుల చొప్పున గీసిన హోమరు రేఖాచిత్రములు 1793లో అచ్చుపడి యూరపు ఖండమంతట కీర్తి తెచ్చినవి.

1794లో తిరిగివచ్చిన పిదప గౌరవములు వరుసగా లభించినవి. 1800లో అకాడమీ సభ్యుడును, 1810లో అందు శిల్పశాస్త్రమునకు మొదటి ఆచార్యుడును అయ్యెను. నెల్సను మొదలగువారి స్మారకములు పెక్కు చేసెను. ఇంట చిన్నదిగా మన్నుతో నమూనా చేసికొనుట ఆయన యలవాటు. పాలరాతిని చెక్కుట చాలవఱకు సహాయకుల వంతు. చేతివ్రేళ్లలో మెదలిన ప్రాణము కొంత ఆ దారిలో జాఱిపోయినదని పలువురు విమర్శకు లనిరి. మేమును అట్లే తలంతుము. నెల్సను నిలువెత్తు విగ్రహముకంటె బంటుబొమ్మ మిన్న యనుటకు మేము జంకము.

1820లో భార్య గతించెను. ఆయన 1826 డిశంబరు 7వ తేదీన పరలోకగతు డయ్యెను. ఆయన ప్లాస్టరు నమూనాలు పెక్కు లండను యూనివర్సిటీ కాలేజీలో నున్నవి.

ఆయన హిందూదేశము నెన్నడును చూడలేదు. అయినను ఆయన శిల్పములు దక్షిణదేశమునకు వచ్చినవి. చెన్నపట్టణపు కోటలోని సెయింటు మేరీ దేవాలయమున ఒకటి కలదు. రెండవది తంజావూరిలోనిది. 1798లో అక్కడ మృతినొందిన మిషనరీ ష్వార్ట్సు దొరగారి స్మారకముగా, ఆయన పోషణలో పెరిగిన శరభోజి మహారాజు దానిని ఫ్లాక్సుమన్ చేత చేయించెను. మరణశయ్యపైనున్న గురువు చేతిని రాజు పట్టుకొని నిలుచుండును. మంచముచెంత ఆయన పాఠశాల బాలురు మువ్వురు కానవత్తురు.