దారం నేర్పిన వెలుగు

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే కళాకారులకు సుపరిచితమైన సత్యం ఒకటున్నది. ఎరుపు దారం చెంత ఆకుపచ్చ దారం చేరితే ఆ రెండు వర్ణాలూ మరింత ప్రకాశిస్తాయి. ఈ సత్యాన్నే చిత్రలేఖనంలో సాధన చేసి, పొగలు చిమ్మే కర్మాగారంలో సైతం కాంతిని దర్శింపజేసిన మహాచిత్రకారుడు విన్సెంట్ వాన్ గో.

ఆయన 1853 మార్చి 30న నెదర్లాండ్స్ దేశంలోని జుండర్ట్ గ్రామంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. విన్సెంట్ పదహారవ యేట చిత్రాలు విక్రయించే సంస్థలో చేరినా ఆ కొలువులో నిలువలేకపోయాడు. అనంతరం బెల్జియం బొగ్గుగని కార్మికుల నడుమ మతప్రచారకుడుగా పనిచేశాడు. తన దుస్తులను కూడా పేదలకిచ్చి, గుడిసెలో నివసించాడు. అది మతబోధకునికి తగని ప్రవర్తన అని భావించిన పెద్దలు ఆయనను ఆ పదవిలో కొనసాగించలేదు. చేపట్టిన ప్రతి పనిలోనూ పరాజయమే ఎదురైంది. అయినా నిరాశకు లొంగక, 1880లో ఇరవై ఏడేళ్ళ వయస్సులో చిత్రకళయే తన మార్గమని నిశ్చయించుకొన్నాడు. తమ్ముడు థియో ధనం పంపుతూ ఆదుకొన్నాడు.

1884లో న్యూనెన్ గ్రామంలో నేతకార్మికులనూ వారి మగ్గాలనూ విన్సెంట్ వరుసగా చిత్రించాడు. ఆ చిత్రాలలో గోధుమ, నలుపు ఛాయలే అధికం. చీకటి గదులలోని శ్రమను అవి యథాతథంగా చూపాయి. ఆ కాలంలోనే ఆయన వర్ణశాస్త్రాన్ని శ్రద్ధగా అధ్యయనం చేశాడు. ఆ శాస్త్రానికి పునాది వేసినవాడు షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. ఆయన గోబెలిన్ తివాచీల కర్మాగారంలో అద్దకం శాఖకు అధిపతి. నల్లదారం వెలవెలబోతున్నదన్న ఫిర్యాదును పరిశీలించి, లోపం అద్దకంలో లేదనీ, పక్కనున్న రంగుల ప్రభావమే అందుకు కారణమనీ గ్రహించాడు. ఆ సూత్రాన్ని 1839లో గ్రంథంగా వెలువరించాడు. వాన్ గో రంగురంగుల ఉన్నిదారాలను ఉండలుగా చుట్టి, ఏ వర్ణం దేని చెంత రాణిస్తుందో పరీక్షించేవాడు. ఆ ఉండలు దాచిన పెట్టె నేటికీ ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని ఆయన మ్యూజియంలో ఉన్నది.

1886లో ఆయన పారిస్ చేరాడు. మరుసటి యేడు నగర శివారులోని క్లిషీ కర్మాగారాలను చిత్రించాడు. ఆజంజాహీ మిల్లును ఎరిగిన వరంగల్ వాసులకు అటువంటి పొగగొట్టాల వరుస కొత్తది కాదు. ఆనాటి చిత్రకారులలో అనేకులకు మాత్రం అది సౌందర్యం లేని దృశ్యం. వాన్ గో ఆ భవనాల ఎర్రని కప్పుల చెంత నీలిఛాయలను నిలిపాడు. ముందున్న మైదానాన్ని పసుపు, ఆకుపచ్చ గీతలతో నింపాడు. ఆ విశాలమైన బయలులో ఇద్దరు మనుషులు అతిచిన్నగా కనిపిస్తారు. చిత్రంలో సూర్యబింబం లేదు. అయినా ఇరుగుపొరుగు వర్ణాల కలయిక వల్లనే ఎండ కాస్తున్నట్లు తోస్తుంది.

1888లో ఆయన దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణానికి వెళ్ళి పొద్దుతిరుగుడు పూలను చిత్రించాడు. తీవ్రమైన మానసిక వ్యాధితో బాధపడుతూనే కుంచె విడువలేదు. 1890 జూలై 29న ముప్పై ఏడేళ్ళ వయస్సులో కన్నుమూశాడు. ఆయన జీవితకాలంలో అమ్ముడైన చిత్రాలు బహు స్వల్పం. ఆరు నెలలకే థియో కూడా మరణించగా, ఆతని భార్య జొహాన్నా ఆ చిత్రాలను భద్రపరచి లోకానికి పరిచయం చేసింది.

శ్రమజీవుల మధ్య బతికి, వారి మగ్గాలను చిత్రించి, వారి దారాల నుండి పాఠం నేర్చిన వాన్ గో ఆ వెలుగును తిరిగి వారు పనిచేసే చోటికే చేర్చాడు.