వెతికింది పుట్టగొడుగు, దొరికింది చుట్టరికం

చాక్లెట్‌లో హేజెల్‌నట్ పలుకు పంటికి తగిలినప్పుడల్లా నాకు ఆల్బర్ట్ బెర్నార్డ్ ఫ్రాంక్ గుర్తొస్తాడు. మన సిలబస్‌లో ఆయన లేడు లెండి. 1839లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టాడు. లైప్‌జిగ్‌లో చదివి, 1881లో బెర్లిన్ వ్యవసాయ కళాశాలలో ప్రొఫెసర్‌గా చేరాడు.

అక్కడ ప్రష్యా ప్రభుత్వం ఆయనకో పని అప్పజెప్పింది. ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగు చెట్ల కింద, మట్టిలోపలే పెరుగుతుంది. దాన్ని తమ గడ్డ మీద సాగు చేసే దారి చూడమంది. ఫ్రాంక్ వేళ్లు తవ్వి చూశాడు. ఓక్, బీచ్, హేజెల్, చెస్ట్‌నట్... వీటన్నిటి సన్నటి వేళ్ల కొసలకూ శిలీంధ్రం తొడుగులా అల్లుకుని ఉంది. అది తెగులైతే చెట్లు చిక్కిపోవాలి కదా! అవేమో నిక్షేపంగా ఉన్నాయి. శిలీంధ్రమే చెట్టుకు నీళ్లు, పోషకాలు అందిస్తోందని 1885లో ప్రకటించి, ఆ జోడీకి మైకోరైజా అని పేరు పెట్టాడు. గ్రీకులో శిలీంధ్రపు వేరు అని అర్థం. బదులుగా చెట్టు తన చక్కెర ఇస్తుందని ఈరోజు మనకు తెలుసు.

రాబర్ట్ హార్టిగ్ లాంటి పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో ఫ్రాంక్ పైన్ మొలకలు తీసుకుని, కొన్నిటిని మామూలు మట్టిలో, కొన్నిటిని వేడి చేసి శిలీంధ్రాలను చంపిన మట్టిలో పెంచాడు. మొదటివే ఏపుగా పెరిగాయి. అయినా 1900లో ఆయన పోయేనాటికి వాదన తెగలేదు.

మా పలాస వైపు జీడిచెట్ల వేళ్లలోనూ ఇలాంటి శిలీంధ్రం ఉంటుంది. కాకపోతే తొడుగులా కాకుండా వేరు కణాల్లోపలికే చేరుతుంది. భాస్వరం మట్టిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, అంత తేలిగ్గా కదలదు. వేరు దూరలేని సందుల్లోకి ఈ సన్నటి పోగులు దూరి దాన్ని లాక్కొస్తాయి. భాస్వరం ఎరువు మరీ ఎక్కువేస్తే మాత్రం చెట్టు ఈ పొత్తు తగ్గించుకుంటుంది.

ఇదంతా చెబితే మా నాన్న నమ్మలేదు. కానీ కొత్తగా నాటిన మొక్కల్లో ఒక్క వరసకు ఎరువు తగ్గించి, పక్క వరసతో పోల్చి చూద్దామన్నాడు. ఫ్రాంక్ పేరు ఆయన ఎప్పుడూ వినలేదు.